పాత సీడీ ప్లేయర్ మూత తీసి చూద్దాం
(కడపలో రేడియో, టీవీ మెకానిక్‌లు, డిప్లొమా విద్యార్థులు, పాటల అభిమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, కొంతమంది ఇంట్లో పెట్టెలు కూడా మోసుకొచ్చారు. చాలా సంతోషం. వాటిని ఆ గోడ పక్కన పెట్టండి. ఎవరూ ప్లగ్ మాత్రం పెట్టొద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. పాత సీడీ ప్లేయర్ కొనాలన్నా, బాగుచేయించుకోవాలన్నా మొదట చూడాల్సింది లేజర్, అది కూర్చున్న మెకానిజం. ఏ కంపెనీది, ముందు ప్లేటు ఎంత అందంగా ఉంది, లోపల ఏ డాక్ చిప్ (డిస్క్ మీది అంకెలను పాటగా మార్చేది) ఉంది, ఇవన్నీ దాని తర్వాతే. చిప్పులు నలభై ఏళ్లు బతుకుతాయి. లేజర్, మోటారు అరిగిపోతాయి. అవి మళ్లీ దొరికే రకమా, దొరకని రకమా అన్నదాన్ని బట్టే ఆ పెట్టెకు ఇంకా ఎంత ఆయుష్షు ఉందో తెలుస్తుంది.

మన వైపు ఈ పెట్టెలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు తెలుసు. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు కువైట్ పోయినవాళ్లు లేని వీధి ఉండదు. సెలవుకు వచ్చేటప్పుడు టూ-ఇన్-వన్‌తో పాటు సీడీ ప్లేయర్ కూడా తెచ్చినవాళ్లున్నారు. దాని మీద అన్నమాచార్య కీర్తనలు విన్నారు, సినిమా పాటలు విన్నారు. తర్వాత వీసీడీ వచ్చింది, డీవీడీ వచ్చింది, ఫోన్ వచ్చింది. పెట్టె అటకెక్కింది. ఇప్పుడు పిల్లలు దాన్ని దించి, మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ఒకటే జవాబు వస్తోంది: ‘లెన్స్ పోయింది, దొరకదు.’ లెన్స్ అంటే వాళ్ల భాషలో లేజర్ యూనిట్. మూత తీయకుండానే ఆ మాట చెప్పి పంపించేవాళ్లున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఎందుకంటే ఆ పెట్టెల్లో చాలావాటికి లెన్స్ పోలేదు.

కొంచెం వెనక్కి పోదాం. సీడీని ఫిలిప్స్, సోనీ కలిసి తయారు చేశాయి. సోనీ సీడీపీ-101 జపాన్‌లో 1982 అక్టోబర్ 1న అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్ మొదటి ప్లేయర్ పేరు సీడీ100. డిస్క్ ఒకటే, లెక్కలు ఒకటే: శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచిన నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు. కానీ డిస్క్‌ను చదివే పద్ధతిలో, ఆ లెక్కను మళ్లీ పాటగా మార్చే పద్ధతిలో ఇద్దరివీ రెండు దారులు. పాత పెట్టె మూత తీసినప్పుడు మీకు కనిపించేది దాదాపుగా ఈ రెండు దారుల్లో ఒకటి. బయట పేరు ఏదున్నా సరే. మరాంట్జ్ అని రాసి ఉన్నా లోపల ఫిలిప్స్ ఉండొచ్చు. ఊరూ పేరూ వినని బ్రాండ్ లోపల సోనీ లేజర్ ఉండొచ్చు.

ఈ బల్ల మీద ఉన్నది ఫిలిప్స్ సీడీ104. 1984 నాటిది. ప్లగ్ తీసి ఉంది, మూత తీస్తున్నాను. ముందు వరసలో ఉన్నవాళ్లు దగ్గరికి రండి.

వెనక మూలలో ట్రాన్స్‌ఫార్మర్. దాని పక్కన పెద్ద కండెన్సర్లు, రెగ్యులేటర్లు. ఇది మీకు కొత్త కాదు, ఆంప్లిఫయర్ విప్పిన ప్రతివాళ్లకూ తెలిసిందే. ఇప్పుడు ఈ బోర్డు మీద పెద్ద చిప్పుల నంబర్లు చదవండి. ఎస్‌ఏఏ7010, ఎస్‌ఏఏ7020, ఎస్‌ఏఏ7000. డిస్క్ మీద నుంచి వచ్చిన గజిబిజిని విప్పి, తప్పులు సరిదిద్ది, సరిదిద్దలేని చోట ఖాళీని పూరించే పని వీటిది. ఆ పక్కన ఎస్‌ఏఏ7030, దాని తర్వాత రెండు టీడీఏ1540 చిప్పులు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. అవి డాక్‌లు. ఒక్కొక్కటి 14 బిట్లదే. డిస్క్ 16 బిట్లది కదా, 14 ఎలా సరిపోయిందని అడుగుతారు. ఆ 7030 ఉంది చూశారా, అది నమూనాల సంఖ్యను నాలుగింతలు చేసి, సెకనుకు 1,76,400 చొప్పున డాక్‌కు పంపిస్తుంది. అలా పంపేటప్పుడు, మిగిలిపోయిన చిన్న తేడాలను మన చెవికి అందని పౌనఃపున్యాల వైపు నెట్టేస్తుంది. అందుకే 14 బిట్ల చిప్పులు 16 బిట్ల పని చేశాయి. అదే సమయంలో సోనీ సీడీపీ-101లో 16 బిట్ల డాక్ ఒక్కటే పెట్టి, రెండు చెవులకూ వంతులవారీగా వాడుకున్నారు. అందువల్ల ఒక చెవికి పాట రెండో చెవి కంటే సెకనులో లక్షో వంతు ఆలస్యంగా వస్తుంది. వినేవాడికి తేడా తెలియదు. కానీ ఆ రోజుల్లో ఇంజనీర్లు ఎంత ఇరుకులో పనిచేశారో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

సరే, అసలు సంగతికి వస్తాను. డిస్క్ కూర్చునే చోటు కిందికి చూడండి. మోటారు పక్కన ఒక చెయ్యి ఉంది, దాని చివర లెన్స్. ఆ చెయ్యి కారు అద్దం వైపర్ లాగా వంపుగా అటూ ఇటూ తిరుగుతుంది. పళ్ల చక్రాలు లేవు, పట్టాలు లేవు. అయస్కాంతం, తీగచుట్ట, అంతే. దీన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు. ఇది సీడీఎం-1. దిమ్మె పోత లోహంతో చేసింది, లెన్స్ గాజుది. అరిగే భాగాలు ఇంత తక్కువగా ఉన్న సీడీ మెకానిజం తర్వాత రాలేదనే చెప్పాలి. నలభై ఏళ్లు దాటినా పాడుతున్నవి ఉన్నాయి.

మరి ఇంత గట్టిది ఎందుకు మొరాయిస్తుంది? ఈ బోర్డును ఇటు తిప్పుతాను. చిన్న చిన్న బోలు రివెట్లు కనిపిస్తున్నాయా? బోర్డు పై వైపు రాగి దారిని కింది వైపుతో కలపడానికి ఆ రోజుల్లో వీటిని వాడారు. బోర్డు వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి, ఏళ్ల తరబడి అలా అయ్యేసరికి రివెట్ చుట్టూ సోల్డర్ వదిలేస్తుంది. పైకి చక్కగానే కనిపిస్తుంది, కరెంటు మాత్రం పోదు. చల్లగా ఉన్నప్పుడు పాడి, వేడెక్కాక ఆగిపోయే ఫిలిప్స్ పెట్టె వస్తే ముందు వీటినే అనుమానించండి. ఉత్తగా మళ్లీ సోల్డర్ పెడితే చాలదు. పాత సోల్డర్ తీసేసి, రివెట్ గుండా సన్నని రాగి తీగ దూర్చి, పైనా కిందా రెండు వైపులా సోల్డర్ వేయాలి. ఓపిక కావాలి, ఒక పూట పడుతుంది. దీనికయ్యే సామాను ఖర్చు ఒక టీ ఖర్చు కూడా ఉండదు. ఈ పెట్టెనే ‘లెన్స్ పోయింది’ అని తూకానికి వేసేస్తున్నారు.

సీడీఎం-1 తర్వాత ఫిలిప్స్ వాళ్లు సీడీఎం-2, సీడీఎం-4, సీడీఎం-9 చేశారు. అన్నీ స్వింగ్ ఆర్మ్‌లే, ప్లాస్టిక్ పాలు పెరిగింది. 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన ఐరోపా పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది సీడీఎం-4. దాని కింద ఉన్న సర్వో బోర్డు (లెన్స్‌ను, మోటారును అదుపులో నడిపేది) మీద 33 మైక్రోఫారడ్ కండెన్సర్లు ఉంటాయి. అవి ఎండిపోతే డిస్క్ పట్టదు, పాటలు దాటేస్తుంది. కొత్తవి వేస్తే చాలాసార్లు బతికి వస్తుంది. సీడీఎం-12 నుంచి స్వింగ్ ఆర్మ్ పోయింది, పట్టాల మీద జరిగే లేజర్ వచ్చింది. చౌక రకమని దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. దాని లేజర్ యూనిట్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. సీడీఎం-1కు, సీడీఎం-4కు కొత్తవి తయారు కావడం లేదు. ఇంకో చచ్చిన పెట్టెలోంచి తీయాల్సిందే.

ఇప్పుడు రెండో దారి, సోనీ. ఇక్కడ లేజర్ యూనిట్ రెండు పట్టాల మీద జరుగుతుంది, చిన్న మోటారు పళ్ల చక్రాలతో దాన్ని తోస్తుంది. యూనిట్ మీద కాగితం చీటీ ఉంటుంది. కేఎస్‌ఎస్ అని మొదలవుతుంది: కేఎస్‌ఎస్-150ఏ, 210ఏ, 213, 240ఏ ఇలా. కేఎస్‌ఎస్ అంటే లేజర్ యూనిట్ మాత్రమే. కేఎస్‌ఎం అని ఉంటే మోటారు, దిమ్మెతో కలిపి మొత్తం సెట్టు. కొనేటప్పుడు ఈ ఒక్క అక్షరం తేడా చూసుకోకపోతే డబ్బు దండగ. 213 రకం లెక్కలేనన్ని పెట్టెల్లో వాడారు, అందుకే ఈరోజుకీ చవకగా దొరుకుతోంది. 240ఏ కూడా దొరుకుతుంది గానీ నకళ్లు ఎక్కువ, నాణ్యత ఒకదానికొకటి పొంతన ఉండదు.

ఆ చీటీని పారేయకండి. దాని మీద చివరి మూడు అంకెలు చూడండి. ఉదాహరణకు 497 అని ఉందనుకోండి. ఆ లేజర్ ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు 49.7 మిల్లీఆంపియర్లు తీసుకుందని అర్థం. లేజర్‌కు కరెంటు పోయే దారిలో ఒక రెసిస్టర్ ఉంటుంది. ప్లేయర్ డిస్క్ చదువుతుండగా దాని మీద వోల్టేజ్ కొలవండి. రెసిస్టర్ 22 ఓమ్‌లు, మీటర్ 1.1 వోల్టు చూపిస్తే, భాగించండి: 50 మిల్లీఆంపియర్లు. చీటీతో సరిపోయింది. లేజర్ ఆరోగ్యంగా ఉంది, జబ్బు ఇంకెక్కడో ఉంది. అదే 60 వచ్చిందనుకోండి, లేజర్ ముసలిదైపోయింది. అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు తాగుతోంది. చీటీ మీద ఉన్న అంకె కంటే 10 శాతానికి మించి పోతే మార్చక తప్పదు. ఒక మల్టీమీటర్‌తో, ఐదు నిమిషాల్లో తేలే విషయం ఇది. ఇది కొలవకుండా లెన్స్ పోయిందని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. లేజర్ యూనిట్ పక్కన చిన్న ప్రీసెట్, అంటే లేజర్‌కు పోయే కరెంటును తగ్గించి పెంచే తిప్పుడు స్క్రూ, ఉంటుంది. డిస్క్ చదవట్లేదనగానే స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని తిప్పేవాళ్లున్నారు. తిప్పగానే డిస్క్ చదువుతుంది, కస్టమర్ సంతోషంగా ఇంటికి పోతాడు. మీరు చేసిందేమిటంటే ముసలి లేజర్‌కు మోతాదుకు మించి కరెంటు పట్టించారు. కొన్ని వారాల్లో అది పూర్తిగా చస్తుంది. మంచి లేజర్‌నైతే మీ చేత్తో మీరే చంపినట్టు. మురికి తుడవడం, గ్రీజు మార్చడం, కండెన్సర్లు మార్చడం అన్నీ అయ్యాక, కరెంటు కొలిచాక, సీఆర్‌ఓ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) మీద ఆర్‌ఎఫ్ సిగ్నల్, అంటే డిస్క్ నుంచి లేజర్ చదివి పంపే సిగ్నల్, చూశాక కూడా వేరే దారి లేకపోతేనే ఆ ప్రీసెట్ జోలికి పోవాలి. సీఆర్‌ఓ మీద ఆ సిగ్నల్ వజ్రాల వరసలాగా స్పష్టంగా, సుమారు ఒక వోల్టు ఎత్తున కనిపించాలి. కాలేజీ పిల్లలకు ల్యాబ్‌లో సీఆర్‌ఓ ఉంటుంది కాబట్టి ఆ అవకాశం వదులుకోవద్దు.

కొత్త సోనీ యూనిట్ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. స్టాటిక్ కరెంటుకు లేజర్ డయోడ్ చావకుండా ఫ్యాక్టరీలోనే దాని కాళ్లను చిన్న సోల్డర్ చుక్కతో కలిపేసి పంపిస్తారు. రిబ్బన్ కేబుల్ పెట్టిన తర్వాత ఆ చుక్కను తీసేయాలి. తీయకపోతే లేజర్ వెలగదు. కొత్త లేజర్ కూడా పనిచేయట్లేదని తిప్పి పంపించిన వాటిలో ఆ చుక్క అలాగే ఉండడం మామూలే.

ఇప్పుడు, మీటర్ కూడా లేదు, అమ్మేవాడి ఇంట్లో నిలబడి పెట్టె చూస్తున్నారు. ఏం చూస్తారు? మూత తీయనిస్తే తీయించి, డిస్క్ లేకుండా ఆన్ చేసి తలుపు మూయించండి. లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ కదలాలి. ఫోకస్ వెతుక్కోవడం అది. లోపల చిన్న ఎర్రని చుక్క కనిపిస్తుంది, పక్క నుంచి, అడుగు దూరం నుంచి మాత్రమే చూడండి. ఆ లేజర్ వెలుగు 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనపడదు. కనపడదు కదా అని నేరుగా వంగి చూస్తే కంటికే ప్రమాదం. లెన్స్ కదిలి, చుక్క వెలిగి, డిస్క్ పెట్టినా తిరగట్లేదంటే ఫోకస్ దొరకట్లేదు. చాలాసార్లు మురికే కారణం. ఇయర్ బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడిపి, నొక్కకుండా తుడవాలి. లెన్స్ వెంట్రుక లాంటి తీగల మీద వేలాడుతుంది. బలం పెడితే అక్కడితో సరి.

డిస్క్ తిరిగి, పాటల సంఖ్య చూపించిందంటే సగం గెలిచినట్టే. సీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. మొదట్లో నిమిషానికి 500 చుట్లు, చివరికి 200 చుట్లు తిరుగుతుంది. కాబట్టి మొదటి పాట ఒక్కటి విని డబ్బు ఇచ్చేయకండి. చివరి పాట పెట్టించండి, మధ్యలోది పెట్టించండి. ఒకే చోట తడబడితే పట్టాల మీద గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. మన దగ్గర దుమ్ము సంగతి మీకు తెలుసు, కువైట్ దుమ్ము కూడా తోడై ఉంటుంది. పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌కు సరిపడే గ్రీజు పలచగా రాస్తే పోతుంది. మొదటి పాటలు తడబడి చివరి పాటలు బాగుంటే డిస్క్ తిప్పే మోటారును అనుమానించండి, ఎక్కువ వేగం అవసరమయ్యేది మొదట్లోనే కదా. ట్రే సగంలో ఆగిపోతుందా? బెల్ట్ సాగింది. అది జబ్బే కాదు. బెల్ట్ జబ్బున్న పెట్టెను సగం ధరకు ఇస్తానంటే వదలొద్దు.

డిస్క్ బోర్లా పెట్టమనే పెట్టెలు కూడా ఉన్నాయి, బొమ్మ వైపు కిందికి. అవి పయనీర్ వాళ్లవి, పళ్లెం మీద డిస్క్ పూర్తిగా ఆనుతుంది. పాడైందనుకుని భయపడకండి.

డాక్ చిప్పుల గురించి అడుగుతారని తెలుసు. ఫిలిప్స్ టీడీఏ1541 పెద్ద పేరున్న చిప్. 1985లో వచ్చింది, 16 బిట్లది, దానితో పాటు ఎస్‌ఏఏ7220 ఫిల్టర్ ఉంటుంది. ఆ ఫిల్టర్ ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతుంది, దాని చుట్టూ ఉన్న కండెన్సర్లు ముందు ఎండుతాయి. తర్వాత టీడీఏ1541ఏ, అందులో ఏరి తీసిన వాటికి కిరీటం గుర్తు వేశారు. ఆ కిరీటానికి ఇప్పుడు బజారులో ఎంత ధర అంటే, మామూలు చిప్ మీద గుర్తు అచ్చువేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. బర్-బ్రౌన్ వాళ్ల పీసీఎం56, పీసీఎం63 జపాన్ పెట్టెల్లో కనిపిస్తాయి. మంచి చిప్పులే. కానీ 1541 ఉందని చెప్పి, అరిగిపోయిన లేజర్ ఉన్న పెట్టెను మూడింతల ధరకు కొనొద్దు. చిప్ పాడదు కదా, దానికి డిస్క్ చదివి ఎవరో ఇవ్వాలి.

వెనక ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. ఇంట్లో రాసుకున్న సీడీలు ఎందుకు పట్టవని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. ఫ్యాక్టరీ సీడీ తన మీద పడిన వెలుగులో కనీసం 70 శాతం తిప్పి పంపాలని రూలు. సీడీ-ఆర్ అంతకంటే కొంచెం తక్కువ పంపిస్తుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతమే. 80ల ప్లేయర్‌కు అది చీకటి లాంటిది. సీడీ-ఆర్ మంచి కంపెనీది తీసుకుని తక్కువ స్పీడులో రాస్తే చాలా పెట్టెలు చదువుతాయి, ఆర్‌డబ్ల్యూ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎంపీ3 ఫైళ్లు రాసిన డిస్క్ అసలు పాడదు, ఆ ప్లేయర్‌కు ఆ భాష తెలియదు. కాబట్టి మీ ప్లేయర్‌ను ఎప్పుడూ కొన్న సీడీతోనే పరీక్షించండి. రాసిన డిస్క్ పట్టలేదని లేజర్‌కు తప్పు అంటగట్టొద్దు.

సామాను ఎక్కడ దొరుకుతుందంటే, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్. అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. పోయేటప్పుడు యూనిట్ మీద చీటీని ఫొటో తీసుకుని పోండి. ‘సోనీ లెన్స్ ఇవ్వన్నా’ అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు.

ఇక ప్లగ్ పెట్టొద్దని ఎందుకన్నానో చెప్తాను. గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల్లో చాలావాటికి వెనక చిన్న వోల్టేజ్ మీట ఉంటుంది: 110, 127, 220, 240. కువైట్ కరెంటు 240, మనది 230, దాదాపు ఒకటే, అక్కడ వాడినదైతే ఇబ్బంది లేదు. కానీ అటక మీద ఇన్నేళ్లున్న పెట్టె, పిల్లలు ఆ మీటను ఎటు తిప్పారో ఎవరికి తెలుసు? 110 మీద ఉండి మన కరెంటు ఇస్తే ఫ్యూజు పోతే అదృష్టం, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. జపాన్‌లో వాడుకకు చేసినవైతే 100 వోల్టులవే, మీట కూడా ఉండదు, వాటికి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఇంకా ఒకటి, కొన్నిటికి అడుగున రవాణా స్క్రూలు ఉంటాయి, మెకానిజం ఊగకుండా బిగించినవి. అవి వదులు చేయకపోతే స్ప్రింగుల మీద తేలాల్సిన మెకానిజం కదలకుండా ఉండిపోతుంది.

అందుకని ఒక్కొక్కరూ మీ పెట్టెను బల్ల మీదికి తెచ్చి, ముందు వెనక్కి తిప్పి మీట చూపించండి, తర్వాత బోర్లించి అడుగు చూపించండి. రాయచోటి నుంచి వచ్చిన పెద్దాయనది మొదట చూద్దాం, ఆయనకు బస్సు ఉంది. స్క్రూడ్రైవర్లు ఆ డబ్బాలో ఉన్నాయి.